మాత్రల షీటు మీద రాత ఎవరి కోసం?

ఈ వ్యాసం చదవబోయే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో మందులు దాచుకునే డబ్బాను తెచ్చి ముందు పెట్టుకోండి. అది పాత బిస్కట్ల డబ్బా కావచ్చు, మందుల షాపువారిచ్చిన ప్లాస్టిక్ కవరే కావచ్చు. అందులోంచి కత్తిరించిన మాత్రల షీటు ఒకటి తీసి, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ, ఈ మూడూ వెతకండి. కళ్లజోడు పెట్టుకునే చూడండి. మూడూ దొరికితే సంతోషం. దొరకకపోతే లోపం మీ చూపులో ఉందని మాత్రం అనుకోకండి.

గడువు తేదీ, బ్యాచ్ నంబరు సాధారణంగా షీటుకు ఒక అంచున మాత్రమే పడతాయి. పది మాత్రల షీటులో మీకు ఆరు చాలంటే షాపులోని మనిషి కత్తెర తీసుకుని కత్తిరిస్తాడు. తేదీ ఉన్న ముక్క ఒకరి ఇంటికి, తేదీ లేని ముక్క ఇంకొకరి ఇంటికి చేరుతుంది. వెండిరంగు రేకు మీది సన్నని అక్షరాలు దీపం వెలుగులో మెరుస్తాయే కాని చదవడానికి అందవు. ఆ అక్షరాలు కూడా దాదాపుగా అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మన దేశంలో జనం మాత్రలను విడిగా కొంటారన్న సంగతి తయారుచేసేవారికి తెలియనిది కాదు. ప్రతి మాత్ర వెనుకా పేరూ తేదీ ముద్రించడం సాంకేతికంగా అసాధ్యమూ కాదు. అయినా ఆ పని జరగడం లేదు. ఎందుకు జరగడం లేదన్నదే ఈనాటి నా వ్యాసవిషయం.

ఒక వస్తువును వాడే మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు, ఎక్కడ తడబడతాడు, ఎక్కడ పొరబడతాడు అని ముందుగానే ఆలోచించి, ఆ వస్తువును అందుకు తగినట్టు మలచడాన్ని సాఫ్ట్‌వేర్ పరిభాషలో ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్’ అంటున్నారు. క్లుప్తంగా యూఎక్స్. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒక అమ్మాయి, అబ్బాయి హైదరాబాదులోనో అమెరికాలోనో ఈ ఉద్యోగమే చేస్తూ ఉండవచ్చు. వారిని కదిలించి చూడండి, ఒక ఫిర్యాదు తప్పక వినిపిస్తుంది. వాడేవారికి ఏది మేలో మాకు తెలుసు, కాని ఈ మూడు నెలల్లో అమ్మకాలు పెరగాలి, వచ్చే వారం విడుదల కావాలి, కాబట్టి మీరు చెప్పింది తర్వాత చూద్దాం అంటారు పైవారు, అని. ఆ ‘తర్వాత’ చాలా సందర్భాల్లో రానే రాదు. సినిమా టిక్కెట్ల యాప్‌లో అది రాకపోతే మనకు చిరాకు పుడుతుంది, అంతే. మందుల విషయంలో రాకపోతే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. అందుకే ఒక వైద్యుడు ఈ సంగతిలో తలదూర్చడం అనుచితం కాదనుకుంటాను.

దీనికి నాకు తెలిసిన ఉదాహరణల్లో అన్నింటికన్నా స్పష్టమైనది అమెరికాలో జరిగింది. అక్కడ మాత్రలను మనలా షీట్లలో కాక, చాలావరకు నారింజరంగు ప్లాస్టిక్ సీసాల్లో పోసి, పైన చీటీ అంటించి ఇస్తారు. దశాబ్దాలుగా ఆ సీసా రూపం పెద్దగా మారలేదు. గుండ్రటి సీసా కావడంతో చీటీ అంతా చదవాలంటే దాన్ని చేతిలో తిప్పుతూ పోవాలి. చీటీ మీద అన్నింటికన్నా ప్రస్ఫుటంగా కనిపించేది మందు పేరు కాదు, దుకాణం పేరు. న్యూయార్క్‌లో డిజైన్ చదువుకుంటున్న డెబొరా ఆడ్లర్ అనే యువతి ఇంట్లో ఒక రోజు, ఆమె నాయనమ్మ పొరపాటున తాతగారి మందు మింగింది. ఇద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, ఇద్దరి సీసాలూ ఒకేలా ఉంటాయి. పెద్దావిడకు మతిమరుపు వచ్చిందని ఇంటివారు సరిపెట్టుకుని ఉండవచ్చు. ఆ అమ్మాయి అలా సరిపెట్టుకోలేదు. తప్పు సీసాలో ఉందని గ్రహించి, దానినే తన పట్టా పరిశోధనాంశంగా తీసుకుంది.

ఆమె రూపకల్పనను టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ స్వీకరించి, 2005లో తన మందుల విభాగాలన్నింటిలో ప్రవేశపెట్టింది. దాని పేరు క్లియర్ ఆర్‌ఎక్స్. ఎర్రని సీసా, మూత కిందికి ఉండేట్టు బోర్లా నిలబడుతుంది. ముందువైపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తిప్పకుండానే చీటీ మొత్తం చదవవచ్చు. అన్నింటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో మందు పేరు, దాని కింద ఎలా వాడాలో, ఆ తర్వాతే మిగిలిన వివరాలు. సీసా మెడకు రంగు వలయం ఉంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు, కాబట్టి తాతగారిది ఆకుపచ్చ అయితే నాయనమ్మది మరొకటి. జాగ్రత్తలు రాసిన కాగితం పారేసే వీలు లేకుండా సీసా వెనుక దోపి ఉంటుంది. చెప్పుకుంటే ఇందులో అద్భుతమైన శాస్త్రమేమీ లేదు. మందు మింగే ముసలివారి పక్కన కూర్చుని చూస్తే ఎవరికైనా తట్టవలసిన విషయాలే. న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం ప్రదర్శనలోనూ ఆ సీసాకు స్థానం దక్కింది.

పదేళ్లు గడిచాయి. 2015లో టార్గెట్ సంస్థ తన మందుల వ్యాపారాన్ని మొత్తం, 1,600కు పైగా ఔషధ విభాగాలను, సుమారు 190 కోట్ల డాలర్లకు సీవీఎస్ అనే మరో సంస్థకు అమ్మివేసింది. అమ్మకం పూర్తయ్యాక ఎర్రసీసా వెళ్లిపోయి, మళ్లీ మామూలు గుండ్రటి సీసా వచ్చింది. పదేళ్లుగా దానికి అలవాటుపడ్డ ఖాతాదారులు, ముఖ్యంగా వృద్ధులూ, వారిని చూసుకునే పిల్లలూ నిరసన తెలిపారు. సీసా తిరిగి రాలేదు.

ఇందులో ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. కొన్న సంస్థకు అప్పటికే వేలాది దుకాణాలున్నాయి. అన్నిచోట్లా ఒకే సీసా, ఒకే చీటీ, ఒకే యంత్రం ఉంటే ఖర్చు కలిసివస్తుంది. నష్టంలో ఉన్న వ్యాపారాన్ని వదిలించుకోవాలని అమ్మినవారికీ ఉంటుంది. అటూ ఇటూ లెక్కలు సరిగానే ఉన్నాయి. ఆ లెక్కల పుస్తకంలో లేనిది ఒక్కటే: ఎర్రసీసా వల్ల పొరపాటున మింగకుండా మిగిలిపోయిన మాత్ర. జరగని ప్రమాదానికి బిల్లు ఉండదు, రసీదు ఉండదు. ఏ గుమాస్తా దాన్ని జమలో వేయగలడు?

వైద్యులకు ఈ స్థితి కొత్తది కాదు. రక్తపోటు రోగిని తలచుకోండి. ఈ రోజు ఆయనకు ఏ బాధా లేదు. మాత్రకు డబ్బు ఈ రోజు పెట్టాలి, ఉప్పు ఈ రోజు తగ్గించాలి, ఫలితమేమో పదేళ్ల తర్వాత పక్షవాతం రాకపోవడం. రాని పక్షవాతాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు. “డాక్టరుగారూ, నాకు బాగానే ఉంది కదా, మందు ఎందుకు?” అని నా ఓపీలో వినని రోజు లేదు. వాడుకలో సౌలభ్యం కోసం పెట్టే ఖర్చు కూడా సరిగ్గా ఇలాంటిదే. మూడు నెలలకోసారి లెక్క చూసుకునే సంస్థ, నొప్పి లేదు కాబట్టి మందు మానేసే రోగి, ఇద్దరిదీ ఒకటే తర్కం. తేడా ఒక్కటుంది. రోగి మందు మానేస్తే పక్షవాతం ఆ రోగికే వస్తుంది. సంస్థ మానేస్తే వచ్చేది సంస్థకు కాదు.

ఈ తేడా గురించి కాస్త ఆలోచించండి. వాడేవారి మేలూ వ్యాపారపు మేలూ ఎప్పుడూ విరోధులే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. గర్భనిరోధక మాత్రల చరిత్ర చూడండి. అమెరికాలో 1960 దశకం మొదట్లో ఆ మాత్రలను మామూలు మందుల్లాగే సీసాలో పోసి ఇచ్చేవారు. ఈ రోజు వేసుకుందో లేదో గుర్తులేక అవస్థపడుతున్న తన భార్య కోసం డేవిడ్ వాగ్నర్ అనే ఇంజనీరు, రోజుకొక మాత్ర చొప్పున వారాల పేర్లతో కనిపించే గుండ్రటి పెట్టె ఒకటి తయారుచేశాడు. పేటెంటుకు 1962లో దరఖాస్తు చేశాడు. మరుసటి ఏడాదే ఆర్థో అనే మందుల సంస్థ అలాంటి పెట్టెను డయల్‌పాక్ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చింది, తర్వాత ఆయనకు 10 వేల డాలర్లిచ్చి వివాదం తీర్చుకుంది. వ్యాపారసంస్థ ఆ పెట్టెను ఎందుకంత ఆత్రంగా అందుకుంది? స్త్రీ మరచిపోకుండా వేసుకుంటే నెలనెలా మళ్లీ కొంటుంది. ఇక్కడ ఆమె మేలూ అమ్మకమూ ఒకే దారిలో నడిచాయి.

ఇంకొక ఉదాహరణ మనకు దగ్గరిది. కుష్ఠువ్యాధికి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స షీటును పాతతరం ఆరోగ్య కార్యకర్తలు ఎవరైనా గుర్తుపడతారు. 28 రోజులకు ఒక షీటు. మొదటి రోజున ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగవలసిన నెలసరి మోతాదు విడిగా, పైభాగంలో, మిగిలిన రోజుల మాత్రలు వరుసగా అంకెలతో. పెద్దలకూ పిల్లలకూ, వ్యాధి రకాన్నిబట్టి, షీట్ల రంగులు వేరు. చదువురాని రోగికి కూడా నిన్నటి గడి ఖాళీగా ఉందా లేదా అన్నది చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ లాభాపేక్ష లేదు. మందును ఉచితంగా పంచిన వ్యవస్థకు కావలసింది రోగి పూర్తి చికిత్స తీసుకోవడం, అంతే. కొనేవాడికి ఫలితంతో పని ఉంది కాబట్టి షీటు ఆ ఫలితం కోసమే తయారైంది.

ఈ మూడు కథలనూ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. మంచి రూపకల్పన నిలబడుతుందా కూలిపోతుందా అన్నది యజమాని మనసు మంచిదా కాదా అన్నదాని మీద ఆధారపడి లేదు. పొరపాటు జరిగితే దాని ఖర్చు ఎవరి మీద పడుతుందన్నదే అసలు విషయం. నిర్ణయించేవారి మీదనే పడితే డిజైనుకు ఢోకా లేదు. మరొకరి మీద పడితే, ఎంత మంచి డిజైనైనా ఒక అమ్మకపు ఒప్పందం దూరంలోనే ఉంటుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మెథోట్రెక్సేట్ అనే మందుంది. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు చక్కగా పనిచేస్తుంది, ధర తక్కువ. కాని దీనిని వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముకల్లోని మజ్జ దెబ్బతిని తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణం పోవచ్చు. ఈ పొరపాటు ప్రపంచమంతటా జరుగుతూనే ఉంది, మరణాలూ సంభవించాయి. మన దగ్గర ఈ మందు చాలా బ్రాండ్లలో ఎలా వస్తుంది? బీపీ మాత్రలా, షుగరు మాత్రలా, పదేసి మాత్రల షీటుగా వస్తుంది. షీటును చూసినవాడికి చేయి తనంతట తాను ‘రోజుకొకటి’ అనుకుంటుంది. దీనితోపాటు దుష్ఫలితాలు తగ్గించడానికి ఫోలిక్ ఆసిడ్ కూడా రాస్తాం. రెండూ చాలా బ్రాండ్లలో చిన్న పసుపుపచ్చ మాత్రలే. ఒకటి వారానికి ఒక్క రోజు, రెండవది మిగిలిన రోజుల్లో. ఇది తారుమారు కావడానికి మనిషి మూర్ఖుడు కానక్కరలేదు, మసక వెలుతురు చాలు.

ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2019లో దీనిపై కఠిన చర్యలు సూచించింది. వారానికి ఒకసారి అన్న హెచ్చరిక పెట్టె మీద స్పష్టంగా కనిపించాలని, మాత్రలను సీసాల్లో కాకుండా షీట్లలోనే ఇవ్వాలని, రోగి చేతిలో ఒక గుర్తుచీటీ ఉండాలని చెప్పింది. నన్నడిగితే మన దేశంలో చేయవలసింది ఇంకా తేలిక. నాలుగు వారాలకు నాలుగు గడులుండే షీటు, ప్రతి గడి పక్కనా వారం పేరు రాసుకోవడానికి కొంచెం ఖాళీ స్థలం. దీనికి కొత్త మందు కనిపెట్టనక్కరలేదు, మూసలు మార్చాలి. మూసలు మార్చడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు వల్ల ఒక్క షీటైనా ఎక్కువ అమ్ముడుపోదు. అందుకే ‘తర్వాత చూద్దాం’.

రంగులూ ఆకారాల సంగతి ఇంకొకటుంది. మన రోగుల్లో అధికసంఖ్యాకులు మందును పేరుతో గుర్తించరు. “ఆ గులాబీ బిళ్ల పొద్దున, తెల్ల గోళీ రాత్రి” అంటారు. ఇది అజ్ఞానమని కొట్టిపారేయడం వైద్యుల దురలవాటు. అక్షరాలు అందనప్పుడు మనిషి తనకు అందిన గుర్తును పట్టుకుంటాడు, అది తెలివే. కాని ఆ నెలలో ఏ బ్రాండు మీద ఎక్కువ మిగులుతుందో, ఏది నిల్వ ఉందో చూసి షాపువారు కంపెనీ మార్చి ఇస్తారు. గులాబీ బిళ్ల పోయి పసుపు బిళ్ల వస్తుంది. ముసలాయన ఇది కొత్త మందు కాబోలనుకుని పాతదాంతోపాటు ఇదీ వేసుకుంటాడు, లేదా ఇది నాది కాదని రెండూ మానేస్తాడు. అమెరికాలో గుండెపోటు నుంచి కోలుకున్నవారిపై జరిపిన ఒక పరిశీలన 2014లో ప్రచురితమైంది. మాత్ర రంగు మారిన తర్వాత మందు మానివేసే అవకాశాల నిష్పత్తి 34 శాతం, ఆకారం మారితే 66 శాతం పెరిగినట్టు అందులో తేలింది. మందు అదే, మోతాదు అదే. మారింది పైపూత మాత్రమే.

దీనికి విరుద్ధంగా కొన్ని కంపెనీలు చేసే పని మరొకటుంది. తమ బ్రాండు కుటుంబమంతా ఒకే తీరుగా కనిపించాలని, ఒకే రంగుల పెట్టె, ఒకే అక్షరాలు వాడతాయి. ఉత్త మందుకూ, దానిలో మూత్రం జారీ చేసే మందు కలిపిన మిశ్రమానికీ, 20 మిల్లీగ్రాములకూ 80 మిల్లీగ్రాములకూ తేడా ఒక చిన్న అక్షరమో అంకెయో మాత్రమే. డాక్టరుకు బ్రాండు గుర్తుండడానికి ఇది బాగా పనికివస్తుంది. మింగేవారికి పనికిరాదు. ఇక్కడ ఎవరి అనుభవం కోసం డిజైన్ జరిగిందో గమనించారా? రాసేవారి కోసం, మింగేవారి కోసం కాదు.

వ్యాపారం తరఫు వాదన కూడా వినకపోతే అన్యాయమవుతుంది. అత్యవసర మందుల ధరలకు ప్రభుత్వం గరిష్ఠపరిమితి పెట్టింది. అది మంచిదే, నేను దాన్ని సమర్థిస్తాను. కాని మాత్రకు కొన్ని పైసలే మిగిలే చోట ముద్రణకు అదనంగా మరికొన్ని పైసలు పెట్టమంటే తయారీదారుడు తటపటాయించడంలో ఆశ్చర్యం లేదు. కొంత చౌక మందైనా చేతికి అందడం, అందమైన పెట్టెలో అందకుండా ఉండడం కన్నా మేలు. రోగి అనుభవంలో మొదటి మెట్టు ధరే. కొత్తగా పుట్టిన చిన్న సంస్థ మూడు నెలలు గడవకపోతే పదేళ్ల ఆలోచన చేయడానికి మిగిలి ఉండదు కూడా. ఆసుపత్రి నడిపినవాడికి నెలాఖరు జీతాల బరువు తెలుస్తుంది. అత్యవసర విభాగానికి ముందుగా మంచం ఇవ్వవలసిందే. కాని ఎప్పటికీ అత్యవసర విభాగం మాత్రమే నడిపే ఆసుపత్రి ఏమవుతుంది? దీర్ఘరోగులందరూ చూసేవారు లేక చివరికి ఆ అత్యవసర విభాగానికే చేరుతారు.

మంచి రూపకల్పనకు ఎప్పుడూ డబ్బే కావాలనుకోవడమూ పొరపాటే. మన చీటీల మీద ‘1-0-1’ అని రాస్తాం చూడండి. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. బి.డి., టి.డి.ఎస్. అన్న లాటిన్ సంక్షేపాలకన్నా ఇది వెయ్యిరెట్లు నయం. అక్షరాలు రానివారు కూడా అంకెలు గుర్తుపడతారు, నోట్ల చలామణి నేర్పిన చదువది. దీనికైన ఖర్చు సున్నా. దీన్ని కనిపెట్టినవారి పేరు ఏ మ్యూజియంలోనూ లేదు కాని, ఉండవలసింది.

ఇక చట్టం. మందు అసలు పేరు బ్రాండు పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో మన ప్రభుత్వం నిబంధన తెచ్చింది, కొన్ని మిశ్రమాలకు మినహాయింపు ఇచ్చింది. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని 2023 ఆగస్టు 1 నుంచి అమలుచేసింది. నకిలీ మందులను పట్టుకోవడానికి అది ఉపకరిస్తుంది, సందేహం లేదు. కాని కంటిలో శుక్లమున్న డెబ్బై అయిదేళ్ల మనిషికి, ఫోను తీసి కోడును చూపి తెరమీది ఇంగ్లీషు చదువుకో అని చెప్పడం, చదవలేని అక్షరాల స్థానంలో చదవలేని గడులు పెట్టడమే. క్యూఆర్ కోడ్ ఉంది కదా, ఇక అక్షరాలు చిన్నవైనా ఫరవాలేదు అన్న సాకు పుట్టకూడదు. అదే ఏడాది నవంబరు 30న యాప్‌లలో, వెబ్‌సైట్లలో కొనేవారిని బోల్తా కొట్టించే 13 రకాల పద్ధతులను, డార్క్ ప్యాటర్న్‌లంటారు వీటిని, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ నిషేధించింది. అడగకుండా బుట్టలో సరుకు చేర్చడం, చందాలోంచి బయటపడే దారి దాచివేయడం వాటిలో కొన్ని. మందుల యాప్‌కు ఇవి వర్తిస్తే ఏమవుతుందో ఊహించండి. డాక్టరు మందు మార్చాడు, కాని నెలనెలా వచ్చే పాత మందు ఆపే మీట ఎక్కడుందో దొరకలేదు. ఇంట్లో రెండు మందులూ ఉన్నాయి. ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ రంగంలో వాయిదా వేసిన పనిని అప్పుతో పోలుస్తారు. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు చేసిన పోలిక ఇది. తొందరగా విడుదల చేయడానికి ఇప్పుడు అప్పు చేయవచ్చు, త్వరగా తీర్చకపోతే వడ్డీ పెరుగుతుంది అని. నాకు నచ్చిన పోలికే. ఆరోగ్యరంగానికి వచ్చేసరికి మాత్రం దీనిలో ఒక మెలిక ఉంది. అప్పు చేసేది కంపెనీ, సంతకం పెట్టకుండానే తీర్చేది రోగి. మందుల పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా అయ్యే ఖర్చును ప్రపంచ ఆరోగ్య సంస్థ 4,200 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. అందులో డిజైను వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. కాని ఆ మొత్తంలో ఒక్క డాలరు కూడా చీటీ ముద్రించినవారి పద్దులో పడలేదన్నది తేలిక లెక్కే.

కనుక సమతూకం ఎక్కడ? నా అభిప్రాయం ఇది. రంగులు, హంగులు, తెర అందం, అదనపు సౌకర్యాలు, వీటిని వ్యాపారం తన వీలునుబట్టి వెనకకు నెట్టుకోవచ్చు, తప్పులేదు. కాని పొరబడితే శరీరానికి హాని కలిగే చోట, అంటే ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎప్పటివరకు అన్న నాలుగు ప్రశ్నల దగ్గర, వాయిదా వేసే హక్కు మేనేజరు చేతిలో ఉండకూడదు. అది చట్టంలో ఉండాలి, అందరికీ ఒకేలా వర్తించాలి. అప్పుడు ఖర్చు పెట్టిన కంపెనీ పెట్టని కంపెనీ ముందు ఓడిపోదు. ఎర్రసీసా ఒక సంస్థ సొంత ఆలోచన కాబట్టి ఆ సంస్థ వ్యాపారంతోపాటే పోయింది. ఆ చీటీలోని క్రమం నియమమై ఉంటే, దుకాణం ఎన్ని చేతులు మారినా నాయనమ్మ బల్ల మీద అది నిలిచి ఉండేది. ఒక మాట మరువకూడదు. సీసాను వదిలేసిన ఆ సీవీఎస్ సంస్థే, 2017లో అదే డెబొరా ఆడ్లర్ సహాయంతో, రోగి వాడే మందులన్నింటినీ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు అని విభజించి ఒకే కాగితంపై చూపే పద్ధతిని తీసుకువచ్చింది. అవసరం తనంతట తాను మళ్లీ తలుపు తట్టింది. కాని ఈ మధ్యకాలంలో చేతిలో గుండ్రటి సీసా తిప్పుకుంటూ కూర్చున్నవారి సంగతి ఎవరు లెక్కవేస్తారు?

ఈ రంగంలో పనిచేసే యువతీయువకులకు ఒక సూచన. మీ సమావేశంలో ‘ఇది వాడేవారికి మంచిది’ అని వాదిస్తే మీ మాట వీగిపోతుంది, ఎందుకంటే దానికి అంకె లేదు. ‘ఇది వాయిదా వేస్తే, తప్పు జరిగినప్పుడు ఖర్చు ఎవరు భరిస్తారు’ అని అడిగి, ఆ జవాబును సమావేశపు నివేదికలో రాయించండి. పేరు రాయవలసి వచ్చినప్పుడు మనుషులు జాగ్రత్తపడతారు. అలాగే మీ యాప్‌ను మీ అమ్మమ్మ చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా పది నిమిషాలు చూడండి. పరిశోధన నివేదికలు కొన్ని చెప్పలేనిది అక్కడ తెలుస్తుంది.

చట్టం వచ్చేదాకా మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మాత్రలు విడిగా కొన్నప్పుడు తేదీ ఉన్న ముక్కే ఇవ్వమని అడగండి, లేదా మొత్తం షీటును ఫోనులో ఫొటో తీసుకున్నాకే కత్తిరించనివ్వండి. ఇంట్లో షీటు వాడేటప్పుడు తేదీ ఉన్న అంచు నుంచి కాక, రెండో అంచు నుంచి మాత్రలు తీయండి. అప్పుడు పేరూ తేదీ చివరిదాకా మిగులుతాయి. పెట్టె మీద స్కెచ్‌పెన్నుతో తెలుగులో ‘బీపీ, పొద్దున’ అని పెద్దగా రాయండి. షాపులో కంపెనీ మార్చి ఇస్తే, పాత షీటును పక్కన పెట్టి అసలు పేరు, మిల్లీగ్రాములు రెండింటిలో ఒకటేనా అని అక్కడే చూపించమనండి.

మీ ఇంట్లో ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఈ రోజే ఒక వారం పేరు నిశ్చయించుకుని గోడ క్యాలెండర్‌లో ఆ వారాలన్నింటికీ గుర్తు పెట్టండి. ఫోలిక్ ఆసిడ్‌ను వేరే డబ్బాలో, వేరే గదిలో ఉంచినా తప్పులేదు. నోటిలో పుండ్లు, జ్వరం, ఒంటిమీద నీలిమచ్చలు కనిపిస్తే మరుసటి అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. మాత్ర ఆపి, అదే రోజు వైద్యుణ్ణి కలవండి. వెళ్లేటప్పుడు మందుల డబ్బా మొత్తం వెంట తీసుకువెళ్లండి, ఖాళీ షీట్లతో సహా.